కాలువ నిండినప్పుడు, కాలువ కట్టేసినప్పుడు: ద్రాక్షారామం దగ్గర ఒక మండువా ఇల్లు విడిదిగా మారిన వైనం

మొదటిసారి ఆ ఇంటికి వెళ్ళింది సెప్టెంబరు నెలలో. వీధి అరుగు ఎక్కి లోపలికి అడుగు పెట్టగానే నా చూపు స్తంభాల నగిషీ మీదికి పోలేదు, పడమటి గది గోడ మీదికి పోయింది. నేల నుంచి నడుమెత్తున ఒక తడి గీత. దాని కింద ఉబ్బి పెచ్చులు లేచిన సిమెంటు పూత. గీత పొడవునా తెల్లగా పూసిన ఉప్పు, వేలితో తాకితే పిండిలా రాలుతోంది. ఇంటి పెద్దావిడను ఊరంతా మామ్మగారు అంటారు, మేమూ అలాగే పిలిచాం. "ఎన్నిసార్లు పూయించినా ఏడాది తిరక్కుండా ఇంతే బాబూ. ఇంటికి ఏదో దోషం ఉందంటున్నారు" అన్నారావిడ. దోషం ఇంటిది కాదు మామ్మగారూ, పూతది అన్నాను. ఆ మాట నిలబెట్టుకోవడానికి రెండేళ్ళు పట్టింది.

నేను పాత ఇళ్ళ మరమ్మతులు చేసే ఆర్కిటెక్టుని. కాకినాడలో ఉంటూ ఇరవై ఏళ్ళుగా ఈ డెల్టా ఊళ్ళలోనే పని చేస్తున్నాను. ద్రాక్షారామానికి దగ్గరలో, కాలువ గట్టును ఆనుకుని ఉన్న ఒక మండువా లోగిలి (మధ్యలో కప్పు లేని ముంగిలి, చుట్టూ గదులు ఉండే పాత ఇల్లు) ఆరు గదుల విడిదిగా ఎలా మారిందో ఇక్కడ రాస్తున్నాను. ఇంటివారి కోరిక మేరకు ఊరి పేరు, విడిది పేరు చెప్పడం లేదు. వాళ్ళు బొటీక్ హోటల్ అని బోర్డు రాయించుకున్నారు. నాకు మాత్రం విడిది అన్న మాటే ఇష్టం. అది పెళ్ళివారికి ఇచ్చే ఇల్లు. వచ్చినవారు చుట్టాలు, మర్యాదలో లోటు రాకూడదు, వెళ్ళాక ఇల్లు మళ్ళీ ఊరిదే.

ఇలాంటి ఇల్లు చేతిలో ఉన్నవారు ఎవరైనా ఇది చదువుతుంటే, ముందే ఒక మాట. గోదావరి డెల్టాలో సుస్థిరమైన హోటల్ అంటే మొదట నీళ్ళ లెక్క. సౌర పలకలు, వెదురు కుర్చీలు, మట్టి కూజాలు ఆ తరువాత వచ్చేవి. నేల కింద నీరు ఏ నెలలో ఎంత లోతున ఉంటుందో, వాన నీరు ఎటు పోతుందో, వాడిన నీరు ఎక్కడ ఇంకుతుందో తేలకుండా ఇటుక కదిలించకండి.

గుడి పక్కన కట్టని లాడ్జి

కుటుంబం మొదట అనుకున్నది వేరు. ద్రాక్షారామంలో భీమేశ్వరాలయానికి చేరువలో వారికి కొంత స్థలం ఉంది. అక్కడ మూడంతస్తుల లాడ్జి కట్టాలని హైదరాబాదులో ఉద్యోగం చేసే పెద్దబ్బాయి ఆలోచన. కానీ భీమేశ్వరాలయం కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం. 2010లో సవరించిన చట్టం ప్రకారం అటువంటి కట్టడం హద్దు నుంచి 100 మీటర్ల లోపు కొత్తగా ఏదీ కట్టకూడదు. ఆ పైన మరో 200 మీటర్ల వరకు అనుమతి తీసుకునే కట్టాలి. కొలిస్తే స్థలం మొదటి హద్దులోనే పడింది. ఆయన బాగా నిరాశపడ్డారు. నేను మాత్రం ఆ చట్టానికి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

ఎందుకంటే ద్రాక్షారామంలో ఎత్తుకు ఒక అర్థం ఉంది. చాళుక్య భీముడి కాలం నాటిదిగా చెప్పే ఆ గుడిలో గర్భాలయమే రెండంతస్తులు. లింగం కింది అంతస్తులో మొదలై పై అంతస్తు దాకా లేస్తుంది, అర్చన పైన జరుగుతుంది. కింద చీకటిగా ఉండే ప్రదక్షిణ మార్గంలో రాతిని తడుముతూ నడిచి, మెట్లెక్కి పైకి వచ్చి దీపాల వెలుగులో స్వామిని చూడటం ఒక అనుభవం. పల్లపు వరి చేల మధ్య దూరం నుంచే గుడి శిఖరం కనిపించాలి. దాని పక్కన సిమెంటు పెట్టె లేస్తే ఆ ఊరి ముఖమే మారిపోతుంది.

ఇక ఎవరు వచ్చి ఉంటారన్న ప్రశ్న. కార్తికంలో పంచారామ యాత్ర బస్సులు అమరావతి, భీమవరం, పాలకొల్లు, ద్రాక్షారామం, సామర్లకోట అన్నీ ఒక్క రోజులో తిప్పేస్తాయి. వాటిలో వచ్చేవారికి గది అక్కర్లేదు. మేము తలచుకున్నది రెండు రాత్రులు ఉండేవారిని. ఒక పూట ద్రాక్షారామం, ఒక పూట బిక్కవోలులోని తూర్పు చాళుక్యుల గుళ్ళు, మరో పూట కోటిపల్లి రేవులో గోదావరి పాయ అయిన గౌతమి ఒడ్డు. అటువంటివారికి గుడికి అరగంట నడక దూరంలో, కాలువ గట్టు మీద ఉన్న మామ్మగారి ఇల్లు చాలు.

నేల కింది నీరు

ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయింది. అప్పటి నుంచి ఈ డెల్టా ఏడాదిని రెండుగా బతుకుతోంది: కాలువ పారే నెలలు, వేసవిలో మరమ్మతుల కోసం కాలువ కట్టేసే నెలలు. వానాకాలంలో కాలువలు, చేలు నిండా నీరున్నప్పుడు ఆ ఇంటి పెరటి నూతిలో చేద దాదాపు చేతికందే లోతున మునుగుతుంది. ఏప్రిల్లో కాలువ కట్టేశాక అదే నూతిలో చేంతాడు చాలదు, నీటికి ఉప్పదనం కూడా తగులుతుంది. ఇల్లు సగం ఏడాది తడిలో నిలబడి ఉంటుందన్న మాట.

పాత మేస్త్రీలకు ఇది తెలుసు. అందుకే గోడలు ఇటుక, సున్నంతో కట్టారు. నేలలోంచి ఇటుక పీల్చుకున్న చెమ్మ సున్నపు పూత గుండా బయటికి ఆరిపోతుంది. గోడ తడుస్తుంది, ఆరుతుంది, దానికేమీ కాదు. నాలుగు పదుల ఏళ్ళ కిందట ఎవరో మంచి చేద్దామని పాత పూత కొట్టేసి సిమెంటు పూశారు. సిమెంటు ఆవిరిని పోనివ్వదు. లోపల చిక్కిన చెమ్మ దారి వెతుక్కుంటూ పైకి ఎగబాకి, సిమెంటు ఆగిన చోట ఆరుతుంది. నీరు పోయి ఉప్పు మిగులుతుంది. ఆ ఉప్పు పలుకులు కట్టి ఇటుకనే లోపలి నుంచి పగలగొడుతుంది. మామ్మగారు పూత పూయించిన ప్రతిసారీ ఆ గీత ఇంకొంచెం పైకి జరిగింది.

సిమెంటంతా కొట్టించాం. ఒక్క వేసవి పూర్తిగా గోడలను ఉత్త ఇటుకతో ఆరనిచ్చాం. పెద్దబ్బాయికి ఈ ఆలస్యం నచ్చలేదు, బ్యాంకు వడ్డీ నడుస్తోంది కదా. వారానికోసారి ఫోను చేసి "ఎప్పుడు పూస్తారండీ" అని అడిగేవారు. ఆరకుండా పూస్తే మళ్ళీ మొదటికొస్తుందని ఓపికగా చెప్పేవాడిని. తరువాత సున్నం. సముద్రపు గుల్లలు కాల్చిన సున్నాన్ని నీళ్ళలో చల్లార్చి, తొట్టెలో వారాల తరబడి నాననిచ్చి, ఇసుక, మెత్తటి ఇటుక పొడి కలిపి, కరక్కాయ ఊరబెట్టిన నీళ్ళు, బెల్లం నీళ్ళు పోసి తొక్కించాం. ఇటుక పొడి కలిస్తే సున్నం తడిలోనూ గట్టిపడుతుంది. నేలకు దగ్గరగా ఉండే పూతకు అది తప్పనిసరి.

ఈ పని తెలిసిన పెద్ద మేస్త్రి ఒక్కరే దొరికారు, డెబ్బై దాటిన మనిషి. చూపు తగ్గింది, చేయి తగ్గలేదు. ఆయన తాపీ పట్టుకోకుండా కుర్చీలో కూర్చుని నలుగురు కుర్రాళ్ళకు నేర్పించారు. పూత మీద వేలి గోటితో గీసి, ఆ చప్పుడు విని ఆరిందో లేదో చెప్పేవారు. ఆ నలుగురిలో ఇద్దరు ఇప్పుడు చుట్టుపక్కల ఊళ్ళలో సున్నం పని సొంతంగా ఒప్పుకుంటున్నారు. ఈ మొత్తం పనిలో నాకు అన్నిటికన్నా సంతోషం కలిగించిన ఫలితం అదే.

పడమటి గదిలో తలుపు వెనక మూరెడు సిమెంటు పూతను కావాలనే అలాగే వదిలేశాం. ఏటా సెప్టెంబరులో అక్కడ ఉప్పు పూస్తుంది, చుట్టూ ఉన్న సున్నపు గోడ పొడిగా ఉంటుంది. ఇల్లు బాగు చేయించుకోవాలని వచ్చేవారికి నేను ఉపన్యాసం ఇవ్వను, అక్కడికి తీసుకెళ్ళి చూపిస్తాను.

పైకప్పు, మండువా

దూలాలు, స్తంభాలు రంగూన్ టేకు. కోరంగి, కాకినాడ రేవుల మీదుగా ఈ డెల్టా జనం బర్మాకు వెళ్ళివచ్చిన కాలంలో దిగిన కలప. వాసాలలో మూడో వంతు చెదలు తినేశాయి. వాటిని మార్చి, కొత్త కలపకు జీడిపిక్కల తొక్క నూనె పట్టించాం. పెంకులు వీలైనన్ని పాతవే వాడాం. 1996 నవంబరు తుఫానులో ఈ ఇంటి పెంకులు సగం లేచిపోయాయని, తోటలో కొబ్బరి చెట్లు పడిపోయాయని మామ్మగారు చెప్పారు. అందుకని చూరు వరుసలను, కొప్పు వరుసను సున్నంతో బిగించి, మధ్య వరుసలను తీగతో వాసాలకు కట్టాం. గుడి చుట్టుపక్కల తిరిగే కోతుల వల్ల ఏడాదికి నాలుగైదు పెంకులు పగులుతూనే ఉంటాయి. ఒక గోనె సంచి నిండా పెంకులు సిద్ధంగా ఉంచుకోవడం తప్ప దానికి వేరే మందు నాకు దొరకలేదు.

మండువా మీద అద్దం కప్పు వేద్దామని కుటుంబంలో ఒకరు సూచించారు. వాన పడదు, ఏసీ నిలుస్తుంది అని. నేను ఒప్పుకోలేదు. నాలుగు వైపుల కప్పు లోపలికి వాలి, వాన మొత్తం మధ్య గుంటలో పడి తూము గుండా పోవడమే ఆ ఇంటి ప్రాణం. వేడి గాలి పైకి పోవడానికీ అదే దారి. ఒక చదరపు మీటరు కప్పు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. మండువాలోకి వాలే కప్పు మా కొలతలో సుమారు 120 చదరపు మీటర్లు. 20 మిల్లీమీటర్ల వాన ఒక్కటి పడితే 2400 లీటర్లు. మొదటి జల్లు బయటికి వదిలేసి, ఆ తరువాతి నీటిని బొగ్గు, ఇసుక వడపోత గుండా పెరట్లోని 30 వేల లీటర్ల తొట్టెకు మళ్ళించాం. తాగడానికి, వంటకు రోజుకు నూరు లీటర్లు అనుకున్నా, నవంబరు వానలతో నిండిన తొట్టె వేసవి దాటిస్తుంది. ప్లాస్టిక్ నీళ్ళ సీసాలు ఆ విడిదిలో కొనరు. మొదటి నెలల్లో అతిథులు అనుమానంగా చూశారు. నీటి పరీక్ష ఫలితం చావడి గోడకు అతికించాక ఆ ప్రశ్న తగ్గింది.

తేలిన తొట్టె

ఇప్పుడు మా తప్పు. మరుగుదొడ్ల కోసం ఫైబరు సెప్టిక్ తొట్టె తెప్పించి పెరట్లో పాతించాం. దాన్ని కింది కాంక్రీటు దిమ్మెకు పట్టీలతో బిగించాలని నేను గీసిన బొమ్మలో ఉంది. దిమ్మె వేసే రోజు నేను ఊళ్ళో లేను. మట్టి బరువే ఆపుతుందిలే అని పనివాళ్ళు అనుకున్నారు, తిరిగి వచ్చాక నేను విప్పి చూడలేదు. చూడకపోవడం నా తప్పే.

2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర గోదావరి ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. ఏటిగట్లు నిలిచాయి, మా ఊళ్ళోకి వరద రాలేదు. కానీ నది అంత ఎత్తున ఉన్నప్పుడు మురుగు కాలువలు దిగువకు పోలేక ఎగదన్నుతాయి. పైనుంచి వాన. నేల కింది నీరు పెరటి మట్టానికి వచ్చేసింది. అంతకు రెండు రోజుల ముందే తొట్టె శుభ్రం చేయించి ఖాళీగా ఉంచాం. ఖాళీ తొట్టె నీళ్ళలో పడవ లాంటిది. తెల్లవారేసరికి పైన పరిచిన బండలను తోసుకుని జానెడు పైకి లేచింది, గొట్టాలు విరిగాయి. లోపల నాలుగు గదుల్లో అతిథులున్నారు, వారిలో ఇద్దరు వృద్ధులు. ఊళ్ళో రెండిళ్ళవారు తమ స్నానాల గదులు ఇచ్చి ఆదుకున్నారు. ఆ ఉదయం నేను పడిన సిగ్గు ఇంకా గుర్తుంది.

తరువాత మొత్తం మార్చాం. తొట్టెను బరువైన దిమ్మెకు బిగించి, సగం నేల పైనే ఉండేలా కట్టాం. ఎప్పుడూ పూర్తిగా ఖాళీ చేయడం లేదు, వానాకాలంలో అసలు ముట్టుకోవడం లేదు. ఈ జిగట మట్టిలో, నీరు మూడడుగుల లోతున ఉన్న నేలలో ఇంకుడు గుంట పని చేయదు. అది నూతిని పాడు చేయడానికి దారి మాత్రమే. అందుకని తొట్టెలోంచి వచ్చే నీటిని నేలకు రెండడుగుల ఎత్తున, అడుగు కారకుండా కట్టిన కంకర మడిలోకి పంపి, మెట్టతామర నాటాం. ఆ వేళ్ళ మధ్య నుంచి వచ్చిన నీరు వాసన లేకుండా తోటలోకి పోతుంది. స్నానాల నీరు వేరు గొట్టంలో నేరుగా కొబ్బరి పాదులకు పోతుంది. డెల్టాలో ఎవరు హోటల్ కట్టినా, పడక గదుల బొమ్మ కంటే ముందు ఈ బొమ్మ గీయించండి. నీటి మట్టం వానాకాలంలో కొలవండి, వేసవిలో కొలిచి మోసపోకండి.

కార్తికంలో వేణ్ణీళ్ళు

గుడి కోసం వచ్చేవారు హోటల్‌కు వచ్చేవారిలా లేవరు. కార్తిక మాసంలో తెల్లవారుజామున మూడున్నరకు ఆరు గదుల్లోనూ ఒకేసారి స్నానాలు. సౌర హీటరు ముందురోజు ఎండను దాచుకుని ఆ వేళకు వేడి నీరు ఇవ్వగలదు, ఎండ ఉంటే. ఈ తీరంలో అక్టోబరు, నవంబరు నెలలు వాయుగుండాల కాలం. మబ్బు పట్టిన మూడో రోజుకు నీళ్ళు గోరువెచ్చనైనా ఉండవు. సరిగ్గా ఎక్కువ మంది వచ్చే నెలలోనే సూర్యుడు మొహం చాటేస్తాడు.

జవాబు పెరట్లోనే ఉంది. పాత రోజుల్లో వడ్లు ఉడకబెట్టిన పెద్ద రాగి కాగును మామ్మగారు అటక మీద నుంచి దింపించారు. కొబ్బరి డొక్కలు, ఎండిన మట్టలు ఈ నేలలో కొనక్కర్లేని వంట చెరకు. కాగు చుట్టూ పొయ్యి కట్టి, పొగ గొట్టం పెట్టి, ఆ నీటిని సౌర తొట్టెతో కలిపాం. ఎండ ఉన్న రోజు పొయ్యి వెలగదు, లేని రోజు రెండు గంటలకు ఒకరు లేచి వెలిగిస్తారు. ఆ లేచే మనిషికి ఆ రోజు మధ్యాహ్నం సెలవు, జీతంలో అదనం. ఇది మొదటి నుంచే నియమంగా రాయించాను, ఎవరి నిద్రో ఖర్చు పెట్టి పేరు తెచ్చుకోవడం నాకు ఇష్టం లేదు.

ఏసీ విషయంలో రాజీ పడ్డాం. మూడు గదుల్లో పెట్టాం, మిగతా మూడు గదుల్లో లేదు. మే నెల ఉక్కలో పెద్దవాళ్ళను పంకా కింద పడుకోమనడం న్యాయం కాదు. సౌర పలకలు పెంకుల మీద కాకుండా పశువుల పాక రేకుల మీద బిగించాం. దుప్పట్లు, తువ్వాళ్ళు బండారులంక నేతవి. భోజనం అరటాకులో, ఏ పూటకు ఏ కూర అన్నది పెరడూ సంతా చెబుతాయి. పనసపొట్టు ఆవ పెట్టిన కూర తిన్నవారు దాని కోసమే మళ్ళీ వస్తున్నారు. ఆకులు పశువులకు పోతాయి.

ఇనుమడించే దానం

విడిదికి వచ్చేవారికి గుడిని చూపించడానికి ఊళ్ళో పదవీ విరమణ చేసిన తెలుగు మాస్టారు ఒప్పుకున్నారు. ద్రాక్షారామం రాళ్ళ మీద వందలాది శాసనాలున్నాయి. శ్రీనాథుడు కావ్యం చెప్పిన భీమేశ్వరుడి గుడిలో, ఆ శాసనాల ముందు ఆగి చదివే యాత్రికులు అరుదు. మాస్టారు ఒకటి రెండు చదివి వినిపిస్తారు. స్వామి ముందు అఖండ దీపం వెలగడానికి ఎవరో గొర్రెలనో ఆవులనో దానం ఇచ్చిన సంగతి ఉంటుంది. నెయ్యి ఇవ్వలేదు, మందను ఇచ్చారు. మంద పెరుగుతుంది, పాలు వస్తాయి, దీపం ఆరదు. అసలు ముట్టకుండా ఫలం మాత్రమే వాడుకోవాలన్న ఆలోచన. సుస్థిరత గురించి నేను విన్న సభలన్నిటి కంటే ఆ రాతి మీది నాలుగు వరుసలు నాకు ఎక్కువ నేర్పాయి. ఈ విడిదిలో గదుల సంఖ్య తేల్చింది కూడా ఆ లెక్కే.

మొదట ఎనిమిది గదులు అనుకున్నాం. మే నెలలో, కాలువ కట్టేసి ఉన్నప్పుడు నూతిలో మోటారు పెట్టి తోడి, ఊట మళ్ళీ ఎంతసేపటికి పాత మట్టానికి వస్తుందో మూడు రోజులు చూశాం. ఆరు గదులకు సరిపోయింది, ఎనిమిదికి రాత్రి ఊట చాలలేదు. బోరు వేస్తే సరి అన్నారు చాలామంది. సముద్రానికి ఇంత దగ్గరలో లోతుగా తోడేకొద్దీ ఉప్పు నీరు పైకి లాగినట్టే, అది మన ఇంటితో ఆగదు, పక్కవారి నూతికీ పాకుతుంది. ఆరు గదులతో ఆగాం. మేలో నాలుగే ఇస్తున్నాం. అప్పు తీరే గడువు అనుకున్నదాని కంటే పొడవైంది. పెద్దబ్బాయి ఆ లెక్క చూసి మొదట బాధపడ్డారు, ఇప్పుడు ఆయనే నెలకోసారి చేంతాడుకు ముడులు వేసి నూతి మట్టం రాసిపెడుతున్నారు.

ఇంకా తేలనివి ఉన్నాయి. ఈశాన్యపు గదిలో వానాకాలంలో చెమ్మ వాసన పూర్తిగా పోలేదు, అక్కడ నేల గచ్చు కింద ఇసుక పొర వేయకపోవడం కారణమని నా అనుమానం. వచ్చే వేసవిలో విప్పి చూడాలి. మండువా గుంటలో నీరు నిలిస్తే దోమలు చేరుతున్నాయి, తూము వాలు పెంచాలి.

2027లో గోదావరి పుష్కరాలు. కోటిపల్లి రేవుకు జనం వెల్లువెత్తుతారు, ఇక్కడ ఒక్క గది కోసం ఎంతైనా ఇస్తారు. పెరట్లో తాత్కాలికంగా పది గదులు వేద్దామా అని పెద్దబ్బాయి అడిగారు. ఇంకో రెండు వేసవులు నూతి మట్టం రాసిన పుస్తకం నా ముందు పెట్టండి, అప్పుడు మాట్లాడుకుందాం అన్నాను. మామ్మగారు మండువా గట్టు మీద కూర్చుని వింటున్నారు. "పెరట్లో కట్టేదేమీ లేదు. అరుగు మీద చాపలు వేద్దాం, వచ్చినవాళ్ళు నడుం వాలుస్తారు, డబ్బు వద్దు" అన్నారు. ఇద్దరం ఇంకా ఆవిడకు జవాబు చెప్పలేదు.